ఒక్కడే ఉండగలడా? మీ ప్రశ్నలు, మా జవాబులు

మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్ళు కూడా విడిగా గది తీసుకుని బతకొచ్చని పోయిన నెల ఈ శీర్షికలో రెండు ముక్కలు రాసినా. దానికి అనంతపురం, కడప, ఆదోని, ప్రొద్దుటూరు నుంచి చాలా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వచ్చినాయి, ఎక్కువ రాసింది అమ్మలే, తర్వాత అక్కచెల్లెళ్ళు. అందుకని ఈసారి మొత్తం దీనికే ఇస్తున్నా. పేర్లు వేయలేదు, ఊర్లు మాత్రం ఉంచినా.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. మా చిన్నోడికి ముప్పై నాలుగేళ్ళు. డిగ్రీలో ఉండగా స్కిజోఫ్రీనియా వచ్చింది, బెంగళూరు నిమ్హాన్స్‌లో చూపించినాం, అప్పట్నుంచి మందులు వాడుతున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, అప్పుడప్పుడు చెవిలో మాటలు వినపడతాయంటాడు గానీ పట్టించుకోడు. మా ఆయన పోయినారు, నాకు షుగరు, మోకాళ్ళ నొప్పులు. హైదరాబాదులో ఉండే పెద్దోడు 'ఏదన్నా హోములో చేర్పిద్దాం అమ్మా' అంటాడు, చిన్నోడేమో 'నాకొక గది చూడు, నేనే ఉంటా' అంటాడు. వాడికి స్టవ్ వెలిగించడం కూడా రాదు. పూర్తిగా నయమైనాక చూద్దామా? నేను పోయినాక వాడి గతేంది?

అమ్మా, మీ ఉత్తరంలో నేను పెన్నుతో గీత గీసి పెట్టుకున్న మాట 'నేనే ఉంటా' అన్నది. వాడు అడిగినాడు, అదే పెద్ద మొదలు. పూర్తిగా నయమైనాక అంటున్నారు గానీ, మీ షుగరు పూర్తిగా తగ్గినాకే వంటింట్లోకి పోతానని మీరు కూర్చోలేదు కదా, మాత్ర వేసుకుంటూనే ఇంత కాలం ఇల్లు ఈదుకొచ్చినారు. వాడూ అంతే. చెవిలో మాటలు పూర్తిగా ఆగకపోయినా, అవి వచ్చినప్పుడు ఏం చేయాలో తెలిసిన మనిషి గదిలో ఉండగలడు.

ఇది నా సొంత ధైర్యంతో చెప్పే మాట కాదు. ముందు ఆసుపత్రి, తర్వాత హాస్టలు, అన్నిట్లో పాసైతేనే ఇల్లు, ఇదీ పాత పద్ధతి. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్టు దీన్ని తిరగేసినాడు, రోడ్డు మీద ఉన్న మానసిక రోగులకు ముందు ఇల్లే ఇచ్చి, డాక్టరు, సోషల్ వర్కరు ఆ ఇంటికే పోయేట్టు ఏర్పాటు చేసినాడు. తర్వాత కెనడాలో 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో, రెండు వేల మందికి పైగా మనుషులతో ఇదే పరీక్షించి చూస్తే, నేరుగా ఇల్లు దొరికినవాళ్ళు మామూలు పద్ధతిలో ఉన్నవాళ్ళ కంటే చాలా ఎక్కువగా ఆ ఇండ్లలో నిలబడినారు. అక్కడ బాడుగకు సర్కారు సాయం ఉంది, ఇంటికొచ్చే టీము ఉంది, మన అనంతపురంలో ఆ రెండూ మనమే కూడబెట్టుకోవాల, అది దాచి చెప్పడం నాకిష్టం లేదు.

అందుకే గది కంటే ముందు మనిషిని వెతకండి. వారానికి రెండుసార్లు తలుపు తట్టే మనిషి. మీ చెల్లెలి కొడుకో, వాడితో చదువుకున్న పిల్లోడో, మీ వీధి ఆశా కార్యకర్తో, నెలకు ఇంతని ఇచ్చి పెట్టుకున్న మనిషైనా సరే, కానీ తప్పకుండా వచ్చేవాళ్ళు కావాల. ఆ మనిషి వచ్చి బుద్ధులు చెప్పాల్సిన పని లేదు, కలిసి టీ తాగి, మాత్రల డబ్బా ఒకసారి చూసి, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగి, రైతుబజారు దాకా తోడు పోయొస్తే చాలు. నేను చూసిన కేసుల్లో గది వదిలి వెనక్కి వచ్చేసినవాళ్ళు ఎక్కువమంది మందులు పని చేయక రాలేదు, వారాల తరబడి ఎవరూ రాక, ఒంటరితనంతో మందులు మానేసి వచ్చినారు.

మనిషి దొరికినాక గది. మీ వీధిలోనే, లేదా నడిచిపోయేంత దూరంలో. మిద్దె మీద రేకుల గది వద్దు, అనంతపురం ఎండలకు ఆరోగ్యంగా ఉన్నోడే అందులో ఉండలేడు. ఒకేసారి సామాను ఎత్తించి దింపేయకుండా మొదట పగలంతా గదిలో, రాత్రికి మీ ఇంట్లో, తర్వాత వారానికి ఒకటి రెండు రాత్రులు గదిలో, అట్ల పెంచుకుంటా పోండి. నెల పట్టినా ఏడాది పట్టినా పర్వాలేదు. గ్యాసు భయమైతే కరెంటు ఇండక్షన్ స్టవ్, రైస్ కుక్కర్ కొనియ్యండి. ముందు ఉగ్గాని నేర్పండి, అందులో కాలిపోయేదీ పొంగిపోయేదీ తక్కువ. బొరుగులు నీళ్ళల్లో వేసి పిండడం, పుట్నాల పొడి కలపడం, తిరవాత పెట్టడం, మీరు పక్కన కుర్చీలో కూర్చుని నోటితో చెప్పండి, చేతులు పెట్టొద్దు. ఉప్పెక్కువైనా తిననీయండి. మీరు లేచి చేసేస్తే వాడికి రాదు, ఇది తల్లులకు చాలా కష్టమని తెలుసు.

మాత్రలకు ఏడు రోజుల గళ్ళ డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది, ఆదివారం పొద్దున వాడే నింపుకోవాల, మీరు చూడాల. రోజూ మాత్ర వేసుకోవడం కుదరకపోతే రెండు వారాలకో నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, అది మీ అబ్బాయికి సరిపోతుందో లేదో డాక్టరునే అడగండి. మందుల కోసం ప్రతిసారీ బెంగళూరు రైలెక్కే పని కూడా తగ్గించుకోవచ్చు. మన పక్కనే ఉన్న బళ్ళారి జిల్లాలోనే కదా 1980ల్లో నిమ్హాన్స్ వాళ్ళు పీహెచ్‌సీ డాక్టర్లకు ట్రైనింగ్ ఇచ్చి, మందులు ఊరి దగ్గరే ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది, దాని మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. అనంతపురం సర్వజన ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో పాత చీటీలు చూపించి అడగండి.

డబ్బు సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఒక వైకల్యం. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపులో 40 శాతం, ఆ పైన వస్తే ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 6,000. అక్కడ డాక్టరు మిమ్మల్ని, మీ వాడు తన పని తాను చేసుకుంటాడా, మనుషులతో ఎట్ల ఉంటాడు, మాటలు అర్థం చేసుకుంటాడా, ఉద్యోగం సద్యోగం చేయగలడా అని అడుగుతారు. చాలామంది తల్లులు ఆ రోజు మంచి చీరె కట్టుకుని 'మా వాడు బంగారం సార్, అన్నీ చేసుకుంటాడు' అని చెప్పి సున్నా శాతంతో బయటికొస్తారు. జబ్బు తిరగబెట్టిన నెలల్లో ఎట్ల ఉన్నాడో, మీరు ఎన్నిసార్లు గుర్తు చేస్తే స్నానం చేస్తాడో, అదంతా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇంక పెద్దబ్బాయికి ఒక మాట. నాయనా, హోము అంటే సులువుగా అనిపిస్తుంది, తప్పు పట్టడం లేదు. కానీ చేర్పించే ముందు ఆ హోముకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగి కాగితం చూడు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో అట్లాంటి ఒక చోట తెల్లారుజామున మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందుకు బయటికి రాలేక 28 మంది కాలిపోయినారు. ఇప్పుడు గొలుసులు వేయడం చట్టమే నిషేధించింది, అయినా నీ కండ్లతో చూసిరా. లేదంటే ఆ హోముకు నెలనెలా కట్టాలనుకున్న డబ్బు తమ్ముడి బాడుగకు, తలుపు తట్టే మనిషికి పంపు, ఒకటో తేదీకి తప్పకుండా పంపు.

ప్రశ్న: మేడం, మాది కడప, ఎర్రముక్కపల్లి. మా అన్నకు గది చూస్తున్నాం. 'మెంటల్' అని తెలిస్తే ఎవరూ ఇవ్వడం లేదు. ఓనరుకు చెప్పకుండా తీసుకుంటే మోసం చేసినట్టా? అగ్రిమెంటు ఎవరి పేరు మీద రాయాల?

చెల్లీ, బాడుగకొచ్చేవాళ్ళు తమ జబ్బుల జాబితా ఓనరుకు ఇయ్యాలని ఏ చట్టమూ చెప్పదు. ఆయనకు తెలియాల్సింది బాడుగ టైముకు వస్తుందా, నీళ్ళు వృథా చేయకుండా ఉంటారా, రాత్రిపూట గలాటా ఉంటుందా, ఇంతే. అబద్ధం మాత్రం ఆడొద్దు. 'మా అన్న ఒంటరిగా ఉంటాడు, మందులు వాడతాడు, నేను వారంలో ఇన్నిసార్లు వస్తుంటా, ఏ చిన్న సంగతైనా నాకు ఫోన్ చేయండి' అని మీ నంబరు ఇవ్వండి, జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ అన్నే తేల్చుకోవాల. ఆయన జబ్బు గురించి మాట్లాడే హక్కు ముందు ఆయనది. నా అనుభవంలో ముందే సగం చెప్పి, మనిషి అండగా ఉన్నారని చూపించినచోట గది నిలబడింది, పూర్తిగా దాచినచోట ఏదో ఒక రాత్రి బయటపడి, తెల్లారేసరికి ఖాళీ చేయమన్నారు.

అగ్రిమెంటు అన్న పేరు మీదనే రాయండి, మామూలు పదకొండు నెలలది. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని అనుకోకూడదు, కోర్టు తేల్చి చెప్తే తప్ప, అని 2017 చట్టంలోనే ఉంది. కరెంటు బిల్లు, సిలిండరు, బ్యాంకు అకౌంటు కూడా ఆయన పేరు మీదనే పెట్టించండి. బిల్లు మీద తన పేరు చూసుకున్న మనిషి ఆ బిల్లు కట్టడానికి తనే పోతాడు, ఇది నేను చాలాచోట్ల చూసినా.

ప్రశ్న: మేడం, ఆదోని నుంచి రాస్తున్నా. మా నాయన చనిపోయినారు, నాలుగెకరాలు, ఒక ఇల్లు. మా తమ్ముడికి చిన్నప్పట్నుంచి మతి సరిగా లేదు, మందుల మీద ఉన్నాడు. వాడి సంతకం చెల్లదు, ఆస్తి మా పేరు మీద రాసుకోండి, వాడికి తిండి పెడితే చాలని పెద్దమనుషులు చెప్తున్నారు. మీరేమంటారు?

అన్నా, అడిగినందుకు సంతోషం, చాలామంది అడగకుండానే రాసేసుకుంటారు. పెద్దమనుషులు చెప్పింది తప్పు. హిందూ వారసత్వ చట్టం 1956లో సెక్షన్ 28 ఏం చెప్తుందంటే, జబ్బుందనో, అవిటితనం ఉందనో ఎవరికీ వారసత్వం పోదు. మీ తమ్ముడి వాటా మీ తమ్ముడిదే. సంతకం గురించి కూడా 1872 నాటి కాంట్రాక్టు చట్టం చూసేది ఆ సంతకం పెట్టే రోజున మనిషికి తెలివి ఉందా, ఏం చేస్తున్నాడో అర్థమవుతోందా అనే. మధ్యమధ్యలో జబ్బు తిరగబెట్టేవాళ్ళు బాగున్న రోజుల్లో చేసుకున్న ఒప్పందం చెల్లుతుంది.

పెద్ద నిర్ణయాలకు తోడు కావాల్సి వస్తే 2016 చట్టం కింద కోర్టు పరిమిత సంరక్షకుణ్ణి నియమిస్తుంది, ఆ ఒక్క పనికి, కొంత కాలానికి, అదీ మీ తమ్ముడితో మాట్లాడి కలిసి తేల్చుకోవాల్సిందే. ఇంకో సంగతి, కలెక్టరు ఆఫీసులో గార్డియన్ సర్టిఫికెట్ ఇస్తారని విని చాలామంది తిరుగుతుంటారు, అది 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ దాంట్లోకి రావు, చెప్పులరిగేట్టు తిరగొద్దు. చిన్నప్పట్నుంచి అన్నారు కాబట్టి మీ తమ్ముడిది ఏదో ముందు డాక్టరు కాగితంలో చూసుకోండి. వకీలు ఖర్చు భయముంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది, ఫోన్ 15100.

తిండి పెడితే చాలని మాత్రం అనుకోకండి. ఆ ఇంట్లోనే ఒక పక్క గది, విడిగా తలుపు, విడిగా బాత్రూము పెట్టించి కౌలు డబ్బుల్లో వాడి వాటా వాడి అకౌంటులో వేస్తే మీ తమ్ముడికి బాడుగ గది కూడా అక్కర్లేదు.

ప్రశ్న: నాకు బైపోలార్, అంటే మనసు కొన్నాళ్ళు మరీ ఉప్పొంగి, కొన్నాళ్ళు కుంగిపోయే జబ్బు, లిథియం మాత్రలు వాడుతున్నా. ఇరవై తొమ్మిదేళ్ళు, కర్నూలులో చిన్న ఉద్యోగం. ఇంట్లో రోజూ 'నీవల్లే మా పరువు పోయింది' అంటారు, కొంచెం గట్టిగా నవ్వినా 'మళ్ళీ మొదలైంది' అంటారు. ఉద్యోగం చేసే అమ్మాయిలు ఉండే హాస్టలుకో చిన్న గదికో మారాలనుంది. ఇంట్లోవాళ్ళు ఇల్లు దాటితే జబ్బు పెరుగుతుందంటారు, నిజమా?

చెల్లీ, నిజం కాదు. 1950ల్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే ఆయన, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోగులు మళ్ళీ ఎందుకు చేరుతున్నారని వెతికితే, తల్లిదండ్రుల దగ్గరకో జీవిత భాగస్వామి దగ్గరకో పోయినవాళ్ళ కంటే బాడుగ గదుల్లో ఉన్నవాళ్ళు, అన్నదమ్ముల దగ్గర ఉన్నవాళ్ళు బాగున్నారని తేలింది. రోజూ ఎత్తిపొడుపులు వినపడే ఇంట్లో జబ్బు ఎక్కువసార్లు తిరగబెడుతుందని తర్వాత చాలా దేశాల్లో చూసినారు, మన దేశంలో కూడా. మీ వాళ్ళు చెడ్డవాళ్ళని దీనర్థం కాదు, భయంతో అంటున్నారు, కానీ ఆ మాటలు మీ నిద్ర చెడగొడుతున్నాయి, మీ జబ్బులో నిద్ర పోతే చాలా పోతుంది. కాబట్టి హాస్టలు చూసేటప్పుడు బాడుగ కంటే ముందు నిద్ర చూసుకోండి, రాత్రంతా లైటు వేసి ఫోన్లు మాట్లాడే ఐదుగురితో గది వద్దు.

లిథియం గురించి కర్నూలు మనిషిగా మీకు ఒకటి గట్టిగా చెప్పాల. ఎండాకాలం మన దగ్గర ఎండ నలభై దాటుతుంది, చెమట పోయి ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అది ఎండదెబ్బే అనుకుని పడుకోవద్దు, ఇంకో మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోండి. నీళ్ళు, మజ్జిగ తాగుతుండండి, ఉప్పు ఉన్నట్టుండి మానేయొద్దు. ఒళ్ళు నొప్పులని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మందుల షాపులో అడిగి వేసుకోవద్దు, అవి కూడా లిథియం పెంచుతాయి. ఉపవాసాలు, రోజాలు ఉండాలనుకుంటే ముందు డాక్టరును అడగండి. రక్తపరీక్ష డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించండి, అది చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు ఇవ్వాల, ఇంట్లో ఉన్నప్పుడు ఇవన్నీ అమ్మ గుర్తు చేస్తుంది, గదిలో మీ ఫోనులో అలారం పెట్టుకోవాల్సిందే.

మారే ముందు రెండు కాగితాలు రాసుకోండి. మీరు నమ్మే మనిషిని ప్రతినిధిగా పెట్టుకునే హక్కు 2017 చట్టం ఇస్తుంది, తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, అది అమ్మానాన్నలే కావాలని లేదు, ఫ్రెండైనా సరే, వాళ్ళు ఒప్పుకోవాలంతే. రెండోది, జబ్బు ఎక్కువైతే ఎట్ల చూడాలో, ఏం చేయకూడదో ముందే రాసిపెట్టే ముందస్తు ఆదేశం. ఇది ఎట్ల నమోదు చేయించాలో న్యాయ సేవాధికార సంస్థలో చెప్తారు. రాత్రిపూట మనసు తేడాగా అనిపిస్తే టెలీ మానస్ 14416కు చేయండి, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా పిన్నమ్మ ఒక మానసిక ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి ఉంది. నయమైందని, తీసుకుపొమ్మని వాళ్ళంటున్నారు. చిన్నాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, తీసుకోనంటున్నాడు. నేను కూడా బాడుగింట్లో ముగ్గురు పిల్లలతో ఉన్నా. ఏం చేయాల? (కడప)

తల్లీ, కుటుంబం రానివ్వలేదనో, ఇల్లు లేదనో, బయట వసతులు లేవనో ఆ ఒక్క కారణంతో ఎవరినీ మానసిక ఆసుపత్రిలో ఉంచకూడదని 2017 చట్టం సెక్షన్ 19 చెప్తుంది. అట్లాంటివాళ్ళకు హాఫ్‌వే హోములు, అంటే ఆసుపత్రి నుంచి బయటికొచ్చినాక కొంతకాలం ఉండే చోట్లు, గ్రూపు హోములు ఏర్పాటు చేయాల్సింది సర్కారు. మీరొక్కరే మోయాల్సిన బరువు కాదిది. పిన్నమ్మ పేరుతో న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి, భర్త ఇంట్లో ఆమెకున్న హక్కు సంగతి కూడా వాళ్ళే చూస్తారు.

ఆమెలాంటి ఆడవాళ్ళు ఎట్ల ఉంటున్నారో తెలుసుకోవాలంటే చెన్నైలో 1993లో మొదలైన ది బాన్యన్ సంస్థ చేసిన పని చూడండి. 2015 నుంచి హోమ్ అగైన్ అని, ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోయిన ఆడవాళ్ళను నలుగురైదుగురిగా కలిపి మామూలు వీధుల్లో బాడుగిండ్లు తీసి ఉంచుతున్నారు, తోడుగా సహాయకురాలు ఉంటుంది. ఏం వండుకోవాల, ఏ చీరె కొనుక్కోవాల, అన్నీ వాళ్ళిష్టం. మన కడపలో, కర్నూలులో ఇట్లాంటి ఇండ్లు రావాల, అడిగేవాళ్ళు లేకనే రావడం లేదు, మీ అర్జీలో ఆ మాట కూడా రాయండి. మీ వంతుగా నెలకొకసారి పోయి కూర్చుని రండి, ఫోనులో పిల్లలను చూపించండి.

ప్రశ్న: నేను ఇంటి ఓనరును, ప్రొద్దుటూరు. పైన గది ఒకామెకు ఇచ్చినా, ఐదు నెలలైంది, బాడుగ సక్రమంగా ఇస్తుంది. ఆమె మనసు జబ్బుకు మందులు మింగుతుందని ఈ మధ్యే తెలిసింది. కింద ఉండేవాళ్ళు ఖాళీ చేయించమంటున్నారు, పిల్లలున్నారని భయం. నేనేం చేయాల?

అమ్మా, ఐదు నెలలుగా ఆమె ఎట్ల ఉందో మీరే చూసినారు, మీ ప్రశ్నలోనే ఆమె మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. మానసిక జబ్బు ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు, దెబ్బలు తినేదీ మోసపోయేదీ వాళ్ళే ఎక్కువ. మందులు మింగుతోందని భయపడుతున్నారు గానీ, మింగుతోంది కాబట్టే నిశ్చింతగా ఉండొచ్చు.

ఖాళీ చేయించొద్దని వేడుకుంటున్నా. ఆ గది పోతే ఆమెకు పోయేది గోడలే కాదు, అలవాటైన పాలమనిషి, మందుల షాపు, నిద్రపట్టే మంచం, అన్నీ ఒక్కసారిగా పోతాయి, జబ్బు తిరగబెట్టేది అప్పుడే. ఆమెను పిలిచి మామూలుగా మాట్లాడండి, 'ఒంట్లో బాగలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలమ్మా' అని ఒక నంబరు తీసుకోండి. రెండు మూడు రోజులు తలుపు తీయకపోయినా, రాత్రుళ్ళు నిద్ర లేకుండా నడుస్తున్నట్టు వినపడినా, వంట మానేసినట్టు కనపడినా ఆ నంబరుకు చెప్పండి, పోలీసులకూ కాదు, కిందవాళ్ళకూ కాదు. కిందవాళ్ళు మళ్ళీ అడిగితే, ఆమె బాడుగ ఇస్తోంది, నాకు ఏ ఇబ్బందీ లేదు అని చెప్పండి. ఓనరు ఆ ఒక్క మాట గట్టిగా అంటే సందులో సగం గుసగుసలు ఆగిపోతాయి. పండగపూట మీ ఇంట్లో ఓళిగలు చేస్తే అందరికీ పంపినట్టే ఆమెకూ పంపండి.